ప్లగ్గు పాయింట్లు ఎవరిని అడిగి పెడతారు?

ఇల్లు కట్టేటప్పుడు మనవాళ్ళు అడగని మనిషి ఉండడు. పొయ్యి ఆగ్నేయంలోనే వస్తోందా, వండే మనిషి మొహం తూర్పుకి తిరుగుతుందా అని వాస్తు సిద్ధాంతిగారిని అడుగుతారు. మేస్త్రీని అడుగుతారు, బ్యాంకువాళ్ళని అడుగుతారు, ఎదురింటి రిటైర్డు ఇంజినీరుగారికి కాఫీ ఇచ్చి మరీ అడుగుతారు. ఆడవాళ్ళని కూడా అడుగుతారండోయ్, అడగరని నేననను. టైల్స్ ఏ రంగువి కావాలి, కర్టెన్లు ఎలాంటివి, పూజగది తలుపుకి గంటలు పెట్టించాలా వద్దా. ప్లగ్గు పాయింట్లు ఎక్కడెక్కడ కావాలో మాత్రం ఎవరూ అడగరు. ఒక మధ్యాహ్నం ఎలక్ట్రీషియన్ కుర్రాడు సుద్దముక్క పట్టుకుని వస్తాడు. గోడల మీద నాలుగు పెట్టెలు గీస్తాడు. సాయంత్రానికల్లా గాడి కొట్టేస్తారు. ఆ నాలుగు గీతలకి లోబడి ముప్ఫై ఏళ్ళు ఆ ఇంట్లో పని చేయాల్సింది మనం.

ఈసారి నా కోపమంతా దీనిమీదే. ఇంత చిన్న విషయానికి అంత కోపమా అనిపిస్తే, మొత్తం చదివాక చెప్పండి.

మీ వంటింట్లో ఉన్న కరెంటు సామాను ఒకసారి లెక్కపెట్టండి. ఫ్రిజ్, మిక్సీ, తడి గ్రైండరు, నీళ్ళ ఫిల్టరు, రైస్ కుక్కరు, ఇండక్షన్ పొయ్యి, మైక్రోవేవ్, కెటిల్, కొందరికి చిమ్నీ. ఇప్పుడు ప్లగ్గులు లెక్కపెట్టండి. నేను చూసిన ఇళ్ళలో మూడో, మహా అయితే నాలుగో. అందులో ఒకటి ఫ్రిజ్జుకి, ఒకటి ఫిల్టరుకి శాశ్వతంగా పట్టా రాసిచ్చేసినట్టే. మిగిలిన ఒక్కదాని ముందు మిక్సీ, గ్రైండరు, కుక్కరు రేషన్ షాపు దగ్గర నిలబడ్డట్టు వరసలో ఉంటాయి. పొద్దున్న ఏడింటికి అటు పిల్లల క్యారేజీ, ఇటు టిఫిను. చట్నీ రుబ్బాలంటే కుక్కరు పీకాలి. మళ్ళీ కుక్కరు పెట్టాలంటే మిక్సీ పీకాలి. ఆ ఒక్క ప్లగ్గు కూడా సరిగ్గా పొయ్యి వెనకాలో, సింకు పంపు పక్కనో ఉంటుంది. వైరు మంట మీదుగా పోతుంది, లేదా తడి చేత్తో స్విచ్చు వేయాల్సి వస్తుంది. ఇదంతా రోజూ చేస్తూ కూడా మనం దీన్ని ఇబ్బంది అనుకోం. వంటింటి పని అంటే ఇలాగే ఉంటుందనుకుంటాం. నాకు మండేది అక్కడే.

"ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చిపడేస్తే పోయె కదా" అంటారు మావారు. ఆయనే కాదు, ఏ ఇంట్లో అడిగినా మగవాళ్ళ జవాబు ఇదే. సరే, ఆ బాక్సు లెక్క చూద్దాం. మన ఇళ్ళకి వచ్చే కరెంటు 230 వోల్టులు. చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. రెండూ గుణిస్తే 1380 వాట్లు. అంటే ఆ ప్లగ్గు మీద మొత్తంగా అంతకు మించి బరువు వేయకూడదు. 700 వాట్ల రైస్ కుక్కరు, 1500 వాట్ల కెటిల్ ఒకే బాక్సుకి తగిలిస్తే 2200 వాట్లు. తొమ్మిదిన్నర ఆంపియర్లకి పైనే. బాక్సుకి నాలుగు బొక్కలున్నాయి కదా అని నాలుగూ నింపుతాం, కానీ వెనకాల గోడలో ఉన్నది ఒక్క ప్లగ్గే. నాలుగు బిందెలు పెట్టినంత మాత్రాన పంపులో నీళ్ళు నాలుగింతలు కావు. నీళ్ళైతే ఆగిపోతాయి, కరెంటు ఆగదు. వైరు వేడెక్కుతుంది, ప్లగ్గు మూల నల్లబడుతుంది, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తుంది. ఆ వాసన ముందు తెలిసేది వంటింట్లో ఉన్నవాళ్ళకే.

ఇంకో సంగతి. చవగ్గా దొరికే గుండ్రటి చుట్ట బాక్సుల్లో చాలావాటికి లోపల వైర్లు రెండే ఉంటాయి. ఎర్తు ఉండదు. మూడు పిన్నుల ప్లగ్గులో పైన ఉండే లావాటి పిన్ను ఎర్తుది. అది మిగతా రెండింటికన్నా పొడుగ్గా ఉండేది ఊరికే కాదు, కరెంటు తగిలేలోపే ఎర్తు తగలాలని. గ్రైండరులోనో ఇస్త్రీపెట్టెలోనో లోపల వైరు తెగి ఇనప ఒంటికి తగిలితే, ఆ కరెంటుని భూమిలోకి పంపేది ఆ పిన్నే. ఎర్తు లేని బాక్సుకి తగిలించినప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు కరెంటు వెతుక్కునే రెండో దారి, తడి గచ్చు మీద ఉత్త కాళ్ళతో నిలబడి పిండి తీస్తున్న మనిషి. ఆ మనిషి ఎవరో నేను చెప్పాలా?

వంటిల్లు సరే, మిగతా ఇల్లు చూడండి. ఇల్లు యాభై ఏళ్ళు ఉంటుంది. అందులో ఉండేవాళ్ళ అవసరాలు ఐదేళ్ళకోసారి మారతాయి. ఇవాళ ఉయ్యాల వేసిన గదిలో పదేళ్ళకి చదువుకునే బల్ల వస్తుంది, దాని మీద కంప్యూటరు వస్తుంది. ఇంకో పదేళ్ళకి అదే గదిలో అత్తగారి మంచం పడుతుంది. మా అత్తగారికి ఆయాసం. రాత్రిపూట నెబ్యులైజర్ పెట్టాలి. ఆవిడ గదిలో ప్లగ్గు తలుపు పక్కన, నిలబడితే భుజం ఎత్తున ఉంది. మంచం మాత్రం అవతలి గోడకి. అందుకని గది మధ్యలోంచి వైరు పాకించాం. అర్ధరాత్రి బాత్రూముకి లేచే డెబ్బై దాటిన మనిషి దారిలో వైరు! ఆవిడ ఊపిరి కోసం పెట్టిన మిషను వైరుకే తట్టుకుని పడితే తుంటి ఎముక గతి ఏమిటి? చివరికి మంచాన్నే తలుపు దగ్గరికి జరిపాం. ఇప్పుడు తలుపు సగమే తెరుచుకుంటుంది. మనిషికి తగ్గట్టు గోడ మారాల్సింది పోయి, గోడకి తగ్గట్టు మనిషిని జరుపుతున్నాం.

దీనికి కారణం కరెంటు పనిని గోడలో పాతిపెట్టడం. మా చిన్నప్పటి ఇళ్ళలో గోడల మీద టేకు పట్టీలు, వాటి మీద క్లిప్పులతో బిగించిన వైర్లు కనపడుతూ ఉండేవి, గుర్తుందా? వాటి మీద బల్లులు పాకేవి, సున్నం వేసినప్పుడల్లా వైర్లకి కూడా సున్నం పడేది. అందంగా ఉండేవని నేననను. కానీ ఒక ప్లగ్గు పక్కకి జరపాలంటే ఇంకో రెండు పట్టీలు కొడితే సరిపోయేది, గంట పని. ఇప్పుడు అంతా గోడ లోపలే. చూడ్డానికి నున్నగా ఉంటుంది. ఒక ప్లగ్గు పెంచాలంటే గోడ చెక్కాలి, సిమెంటు పూయాలి, లప్పం పెట్టాలి, రంగు వేయాలి, ఆ రంగు పాతదాంతో కలవదు కాబట్టి గది మొత్తం వేయాలి. ఆ దుమ్ము తుడిచేది మళ్ళీ మనమే. అందుకే ఎవరూ ముట్టుకోరు. నున్నటి గోడ ముచ్చట హాల్లో కూర్చుని చూసేవాళ్ళది, దాని చాకిరీ లోపల ఉన్నవాళ్ళది.

ఇందులో ఇంకో వింత ఉంది. ఇప్పుడు బజారులో దొరికే స్విచ్చులన్నిటినీ మాడ్యులర్ అంటారు. ఆ మాటకి అర్థం ఏమిటో తెలుసా? గోడలో ఒక బాక్సు, దాని మీద ఒక చట్రం. ఆ చట్రంలో స్విచ్చు గానీ, సాకెట్ గానీ, ఫోను ఛార్జింగ్ పాయింటు గానీ ముక్కలు ముక్కలుగా బిగించుకోవచ్చు, రేపు తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. అంటే మార్చుకోవడానికి పుట్టిన వస్తువు అది. దాన్ని మనవాళ్ళు అద్దంలా మెరుస్తుందని కొంటారు, సరిగ్గా సరిపడా చిన్న బాక్సు పెట్టించి, ఒక్క గడి కూడా ఖాళీ లేకుండా నింపేస్తారు. మాడ్యులర్ కిచెన్ పేరిట లక్షలు పోసి చెక్క సొరుగులు చేయిస్తారు. అదే కిచెన్లో మిక్సీకి ప్లగ్గు ఉండదు.

ఈ పని తెలివిగా చేసినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, యుద్ధం అయ్యాక కట్టబోయే ఇళ్ళలో కరెంటు ఏర్పాట్లు ఎలా ఉండాలని ఆలోచించడానికి 1942లో బ్రిటన్‌లో 20 మందితో ఒక కమిటీ వేశారు. అందులో ఒకే ఒక్క ఆడమనిషి, కరోలిన్ హాస్లెట్. ఆవిడ ఇంజినీరు. ఇంటిపని చేసే ఆడవాళ్ళకి కరెంటు ఎలా ఉపయోగపడాలో చూడడానికి 1924లో పుట్టిన ఆడవాళ్ళ విద్యుత్ సంఘాన్ని నడిపించిన మనిషి. పసిపిల్లలు వేలు పెట్టినా షాకు కొట్టకుండా సాకెట్ రంధ్రాలకి లోపల మూతలు ఉండాలని ఆ కమిటీలో పట్టుబట్టింది ఆవిడే. 1947లో వచ్చిన వాళ్ళ కొత్త ప్లగ్గు ప్రమాణంలో ఆ మూతలు చేరాయి. మన గుండ్రటి పిన్నుల ప్లగ్గు మాత్రం అంతకు ముందున్న వాళ్ళ పాత రకం నుంచి వచ్చింది. ఆ తర్వాత వాళ్ళు మార్చుకున్నారు, మనం దాంతోనే ఉన్నాం. నేను చెప్పొచ్చేది పిన్నుల ఆకారం గురించి కాదు. ఇరవైమందిలో ఒక్క ఆడది ఉంటేనే పసిపిల్ల వేలు గుర్తొచ్చింది. మన ఇళ్ళ ప్లాను దగ్గర ఆ ఒక్కరు కూడా లేరు.

అమెరికాలో ఉన్న మన ఆడపిల్లల వంటిళ్ళు చూసే ఉంటారు. గోడ పొడుగునా గట్టు మీద ఎక్కడ ఏ సామాను పెట్టినా రెండడుగుల లోపు ప్లగ్గు దొరకాలని అక్కడి జాతీయ విద్యుత్ కోడ్‌లోనే ఉంది. గట్టు మీది సామానుకి కనీసం రెండు విడి సర్క్యూట్లు ఉండాలని కూడా ఉంది. అక్కడ అది బిల్డరు దయ కాదు, నియమం. ఇక్కడ మన పిల్ల పుట్టింటికి వచ్చి "అమ్మా, ప్లగ్గేదీ?" అని అడిగితే ఎక్స్‌టెన్షన్ బాక్సు చేతికిస్తాం.

మరి ఏం కావాలంటావు అని అడుగుతారు కదా. నాకు కావలసింది చెబుతాను. ఇందులో ఆకాశం నుంచి ఊడిపడాల్సిందేమీ లేదు, అన్నీ బజారులో ఉన్నవే.

మొదటిది, ఇంట్లో పనిచేసే మనిషి రాసిన జాబితా లేకుండా గోడ మీద సుద్దముక్క పడకూడదు. ఎన్ని పాయింట్లు అని రాయకండి. ఎక్కడ నిలబడి ఏ పని చేస్తారో రాయండి. ఇక్కడ కూరలు తరుగుతాను, ఇక్కడ రుబ్బుతాను, ఇక్కడ ఇస్త్రీ చేస్తాను, ఇక్కడ పెద్దావిడ పడుకుంటుంది. పాయింట్లు ఆ పనుల వెంట వస్తాయి. గట్టు మీద రెండు మూడు అడుగులకొకటి, గట్టుకి జానెడు పైన, పొయ్యికీ పంపుకీ దూరంగా.

రెండోది, ఖాళీ పైపులు, ఖాళీ బాక్సులు. ఇవాళ అవసరం లేకపోయినా ప్రతి గదిలో ప్రతి గోడకీ ఒక బాక్సు పెట్టించి, పైపు వేయించి, ఆ పైపులో ఒక ఉత్త ఇనప తీగ వదిలి, పైన ఖాళీ మూత బిగించాలి. పదేళ్ళ తర్వాత అక్కడ ప్లగ్గు కావాలంటే ఆ తీగకి వైరు కట్టి లాగడమే. సుత్తి అక్కర్లేదు, దుమ్ము లేదు. ఇల్లు కట్టేటప్పుడే అటకలు వేయించుకోమా, ఇవాళ సామాను లేకపోయినా? ఇదీ అంతే.

మూడోది, పెద్ద బాక్సు. సాధారణంగా ఒక సాకెట్ రెండు గళ్ళు తీసుకుంటుంది, స్విచ్చు ఒక గడి. రెండు సాకెట్లు, రెండు స్విచ్చులకి ఆరు గళ్ళు. ఆరు గళ్ళ బాక్సు పెట్టి ఊరుకోకుండా ఎనిమిది గళ్ళది పెట్టించండి. మిగిలిన రెండు గళ్ళూ రేపటివి.

నాలుగోది, కంటికి కనపడని వైరు. వంటింటికి విడిగా సర్క్యూట్లు ఉండాలి, వాటికి విడి ఎంసీబీలు ఉండాలి. ఇండక్షన్ పొయ్యి 2000 వాట్లదైతే తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ కావాలి, ఆ సాకెట్ వెనక దానికి తగ్గ లావు వైరు, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్లది కావాలి. లైట్లకి వేసే సన్న వైరు మీద పెద్ద సాకెట్ బిగించి ఇచ్చే మహానుభావులు ఉన్నారు. బయటికి సాకెట్ పెద్దదే కనపడుతుంది, లోపలి వైరు మనం చూడం. అడగండి, వైరు చుట్ట మీద రాసినది చూడండి. ఇంటి మొత్తానికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడండి. ఎంసీబీ కాపాడేది వైర్లని. మన ఒంట్లోంచి కరెంటు పోతున్నట్టు పసిగట్టి రెప్పపాటులో ఆపేది ఆర్‌సీసీబీ. బంగారం బీరువాకి తాళం వేయించే ఇంట్లో ప్రాణానికి ఇది ఉండొద్దా?

ఐదోది, ఇప్పటికే కట్టేసిన ఇళ్ళకి. గోడ చెక్కకుండా గట్టు పైన పొడుగునా ఒక పీవీసీ వైరు పెట్టె బిగించవచ్చు. పైన మూత తీస్తే లోపల వైర్లు, కావలసిన చోట సాకెట్. ఆఫీసుల్లో బల్లల వెంట చూసే ఉంటారు. మన చిన్నప్పటి టేకు పట్టీకి మనవరాలన్నమాట. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోవాలి, ఎంసీబీ బోర్డు నుంచి దానికి విడిగా వైరు లాగించుకోవాలి. గోడలో పాత ప్లగ్గు నుంచే తీసుకుంటే అది గోడకి బిగించిన ఎక్స్‌టెన్షన్ బాక్సే అవుతుంది, అంతకన్నా ఏమీ కాదు.

ఇంకొకటి, పైసా ఖర్చు లేనిది. ప్లాస్టరింగ్ కాకముందే పైపులన్నీ కనపడేటట్టు ప్రతి గోడకీ ఫోటో తీసి దాచండి. పక్కన కొలటేపు పెట్టి తీయండి. రేపు మేకు కొట్టినా, ప్లగ్గు పెంచినా పనికొచ్చేది అదే.

ఇక వచ్చే అభ్యంతరాలు నాకు కంఠతా వచ్చు. "ఖర్చు పెరుగుతుంది." పెరుగుతుంది, కాదనను. కానీ ఖాళీ పైపు, ఇనప బాక్సు, ప్లాస్టిక్ మూత, వీటికయ్యేది హాల్లో ఫాల్స్ సీలింగ్ అంచున రంగురంగుల లైట్లకి పెట్టేదాని ముందు ఎంత? ఆ లైట్లు గృహప్రవేశం రోజు వేస్తాం, మళ్ళీ సంక్రాంతికి వేస్తాం. "కరెంటు బిల్లు పెరుగుతుంది." ఖాళీ సాకెట్ కరెంటు తాగదు, తగిలించిన సామాను తాగుతుంది. ఆ సామాను ఇప్పుడూ ఉంది. "గోడ నిండా బోర్డులైతే అసహ్యంగా ఉంటుంది." నేల మీద పాకే నల్ల వైర్లు, సోఫా కింద దుమ్ము పట్టిన బాక్సులు అందంగా ఉన్నాయా? "మా అమ్మ ఒక్క ప్లగ్గు లేకుండానే పదిమందికి వండింది." వండింది. రోట్లో రుబ్బింది, నూతిలో తోడింది, నలభైకే నడుం పట్టుకుంది. ఆ సంగతి కూడా చెప్పండి.

అద్దె ఇళ్ళవాళ్ళ బాధ ఇంకోటి. వాళ్ళు గోడ మీద మేకు కూడా కొట్టకూడదు. రెండు గదుల పోర్షనులో ఒకే ప్లగ్గు, దానికే ఫ్యాను, టీవీ, ఫోను. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద అర్హులైనవాళ్ళకి నెలకి 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. మంచిదే. ఉచితంగా వచ్చిన కరెంటుని క్షేమంగా తీసుకోవడానికి గోడలో చోటు కూడా ఉండాలి కదా. ప్రభుత్వాలు కట్టించే ఇళ్ళయినా, బిల్డర్లు కట్టే అపార్ట్‌మెంట్లయినా వంటింట్లో కనీసం ఇన్ని పాయింట్లు, ఇన్ని విడి సర్క్యూట్లు, ఇన్ని ఖాళీ పైపులు ఉంటేనే గానీ ఇంటి అనుమతి ఇవ్వకూడదని నేనంటాను. పార్కింగుకి ఇంత జాగా వదలాలని నియమం పెట్టగా లేనిది, కారుకున్న విలువ వంటమనిషికి లేదా?

నియమం వచ్చేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. కొత్త ఫ్లాటు కొంటున్నారా? సంతకం పెట్టేముందు కరెంటు ప్లాను కాగితం అడగండి. వాళ్ళు గేటు డిజైను చూపిస్తారు, స్విమ్మింగ్ పూలు బొమ్మ చూపిస్తారు. "అవన్నీ బాగున్నాయండీ, వంటింటి ప్లగ్గులు చూపించండి" అనండి. లేదంటే అక్కడే కూర్చోండి, తయారు చేయించండి. ఇల్లు కట్టుకుంటున్నారా? ఎలక్ట్రీషియన్ వచ్చే రోజు మీ వంట మానేసైనా సరే అక్కడ ఉండండి. "నీకెందుకమ్మా ఈ ఎండలో, మేం చూసుకుంటాం" అంటారు. వాళ్ళు చూసుకున్న ఇళ్ళు మనం చూశాం. మిక్సీనో, మిక్సీ కొలతో తీసుకెళ్ళండి. మీరు నిలబడే చోట నిలబడి, మీ చెయ్యి చాపి, అందిన చోట గీత మీరే గీయండి.